మొటిమలకు ఇంట్లోనే మందు: ముఖానికి ఏది, వీపుకి ఏది?

మొటిమలతో ఏళ్లుగా వేగుతున్న వాళ్లందరి ఇంట్లో ఒక డబ్బా ఉంటుంది. సగం వాడి వదిలేసిన ట్యూబులు, రెండుసార్లు పూసి మూలన పడేసిన సీసాలు, ఎవరో చెప్పారని కొన్న సబ్బులు అందులో చేరతాయి. నా డబ్బాలో ఒకప్పుడు ఏడు రకాలు ఉండేవి. ఇప్పుడు తలచుకుంటే వాటిలో మూడు నిజంగా మంచి మందులే. వాడిన తీరే తప్పు. ఒకటి పది రోజులు, ఇంకొకటి వారం, తొందర ఎక్కువైన రాత్రి రెండూ కలిపి దట్టించేదాన్ని. తెల్లారేసరికి బుగ్గలు కాలినట్టు ఎర్రబడేవి, మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే ఉండేవి.

అందుకే ఎవరైనా "అన్నిటికన్నా బాగా పనిచేసేది ఏది?" అని అడిగితే నేను తిరిగి మూడు అడుగుతాను. మీవి ఎలాంటి మొటిమలు? ఒంటి మీద ఎక్కడ వస్తున్నాయి? మూడు నెలలు మానకుండా పూసే ఓపిక ఉందా? జవాబులు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే.

## ముందు మీ మొటిమను గుర్తుపట్టండి

చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి. వాటి జిడ్డు వెంట్రుక పుట్టే రంధ్రం గుండా పైకి వస్తుంది. ఆ దారిలో మృతకణాలు అతుక్కుపోయి మూత పడితే లోపల జిడ్డు పేరుకుంటుంది. మామూలుగా చర్మం మీద ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా అక్కడ పెరుగుతుంది, ఒళ్లు దానికి ఎదురు తిరిగి వాపు తెస్తుంది. ఇదంతా మీకు అద్దంలో మొటిమ కనిపించడానికి కొన్ని వారాల ముందే మొదలవుతుంది. ఈ రోజు పూసిన మందు వచ్చే నెలలో రావలసిన మొటిమను ఆపుతోందన్నమాట. వారంలో తేడా లేదని ట్యూబు పారేసేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

మందు ఎంచుకోవడానికి మొటిమలను మూడు గుంపులుగా చూస్తే చాలు.

మూసుకుపోయిన రంధ్రాలు. నల్ల తలల బ్లాక్‌హెడ్స్, చర్మం రంగులోనే గరుగ్గా తగిలే వైట్‌హెడ్స్. ఎరుపు, నొప్పి ఉండవు. బ్లాక్‌హెడ్ నలుపు మురికి వల్ల వచ్చింది కాదు, గాలి తగిలి రంగు మారినదే. ఎంత తోమినా పోదు.

ఎర్రటివి, చీము పట్టినవి. ఇక్కడ బ్యాక్టీరియా, వాపు రెండూ ఉన్నాయి.

లోతైన గడ్డలు. ముట్టుకుంటే నొప్పి, తల కనిపించదు, వారాల తరబడి తగ్గవు. ఇవి గుంటలు పెట్టి పోతాయి. ఇంట్లో పూసే ఏ మందూ వీటికి సరిపోదు, మీవి ఇవే అయితే నేరుగా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

నాలుగో రకం ఒకటుంది, అసలు అది మొటిమే కాదు. ఛాతీ, వీపు, భుజాలు, ఒక్కోసారి నుదుటి మీద ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు వరసగా లేచి బాగా దురద పెడుతుంటే అది మలాసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వల్ల వెంట్రుక రంధ్రాలు వాచే ఫంగల్ ఫాలిక్యులైటిస్ కావచ్చు. అందులో బ్లాక్‌హెడ్స్ ఉండవు. మొటిమల మందులు దానికి సరిగా పనిచేయవు, యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరగవచ్చు. చుండ్రుకు వాడే కీటోకొనజోల్ షాంపూతో ఆ చోట కడిగి కొద్ది నిమిషాలు ఉంచడం లాంటివి దానికి దారి. "ఎన్ని వాడినా నా వీపు తగ్గలేదు" అనేవాళ్లలో కొందరి కథ ఇదే.

ఇక చూసుకోవలసినవి: మీ చర్మం ఎంత ఓర్చుకుంటుంది, గర్భం ఉందా లేదా ఆలోచనలో ఉందా, మొటిమ పోయాక నల్ల మచ్చ మిగిలే చర్మమా. చామనఛాయ, నలుపు చర్మానికి ఈ చివరిది చాలా ముఖ్యం. మొటిమ వారంలో పోతుంది, దాని మచ్చ నెలల తరబడి ఉంటుంది. పైగా మందు మంట పెట్టినా మచ్చే మిగులుతుంది. కాబట్టి ఇలాంటి చర్మానికి ఘాటైన మందు కన్నా మంట పెట్టని మందే మంచి మందు.

## నాలుగు ప్రధాన మందులు, ఒక్క చూపులో

| మందు | దేనికి బలం | ముఖం | వీపు, ఛాతీ | ప్రధాన ఇబ్బంది | గర్భిణులు |
|---|---|---|---|---|---|
| బెంజాయిల్ పెరాక్సైడ్ | ఎర్రటివి, చీము పట్టినవి | 2.5 శాతం జెల్ | 5 నుంచి 10 శాతం వాష్ | పొడిబారడం, బట్టల రంగు పోవడం | డాక్టరును అడిగి |
| అడాపలీన్ 0.1 శాతం | మూసుకుపోయిన రంధ్రాలు, కొత్తవి రాకుండా ఆపడం | బాగా నప్పుతుంది | పూయడం కష్టం | మొదటి వారాల్లో పొట్టు, మంట | వద్దు |
| శాలిసిలిక్ యాసిడ్ 0.5 నుంచి 2 శాతం | తేలికపాటి బ్లాక్‌హెడ్స్, జిడ్డు | పర్వాలేదు | వాష్ లేదా స్ప్రే సులువు | బలం తక్కువ | కొద్ది చోట మాత్రమే, అడిగి |
| అజెలాయిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం | ఎర్రటివి, నల్ల మచ్చలు | బాగా నప్పుతుంది | ఎక్కువ చోటికి ఖర్చు | పూయగానే దురద, చురుకు | సాధారణంగా ముందు ఎంచుకునేది |

అమెరికన్ చర్మ వైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి రెటినాయిడ్లు గట్టి సిఫారసు పొందాయి. శాలిసిలిక్, అజెలాయిక్ యాసిడ్లకు షరతులతో కూడిన సిఫారసు దక్కింది. అంటే మొదటి రెండింటికి ఆధారం ఎక్కువ. అలాగని అందరూ వాటితోనే మొదలుపెట్టాలని లేదు.

## బెంజాయిల్ పెరాక్సైడ్: తువ్వాళ్ల శత్రువు

రంధ్రంలోకి ఆక్సిజన్ వదిలి బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు, అదే దీని గొప్ప. డాక్టర్లు క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ రాసినప్పుడు తోడుగా దీన్నీ రాసేది అందుకే. క్లిండమైసిన్ ఒక్కదాన్నే మిగిలిన ట్యూబులోంచి తీసి నెలల తరబడి పూసుకుంటే కొన్నాళ్లకు అది పనిచేయడం మానేస్తుంది.

అందరూ చేసే పొరపాటు 10 శాతం కొనడం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఎర్రటి మొటిమల మీద 2.5 శాతం దాదాపు 10 శాతం చేసినంత పనే చేస్తుంది, మంట, పొట్టు మాత్రం బాగా తక్కువ. ముఖానికి 2.5తో మొదలుపెట్టండి, రోజు మార్చి రోజు, ఒక పల్చటి పొర.

వీపు సంగతి వేరు. అక్కడి చర్మం మందం, పైగా జెల్ పూసి చొక్కా వేసుకుంటే చొక్కా రంగు పోతుంది. అందుకే ఒంటికి వాష్ రూపంలో వాడడం తెలివైన పని. స్నానంలో రాసి రెండు నుంచి ఐదు నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. రాసిన వెంటనే కడిగేస్తే నీళ్లలో పోసినట్టే. నేను పళ్లు తోముకునే పని ఆ ఐదు నిమిషాల్లో పెట్టుకున్నాను. కడిగాక కూడా కొంచెం మిగులుతుంది కాబట్టి తువ్వాలు, దిండు గలీబు తెల్లవి వాడండి. నీలం రంగు తువ్వాలు మీద నా చేతి ముద్ర నారింజ రంగులో ఇప్పటికీ ఉంది.

వేడికి ఈ మందులోంచి బెంజీన్ అనే హానికర రసాయనం పుడుతుందన్న ఆందోళన 2024లో గట్టిగా వినిపించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 95 ఉత్పత్తులు పరీక్షించి 2025లో ఫలితాలు చెప్పింది: 90 శాతానికి పైగా వాటిలో బెంజీన్ అసలు లేదు, లేదా అతి స్వల్పం. కొన్నిటిని మాత్రం మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. మనం చేయగలిగింది గడువు తేదీ చూడడం, ట్యూబును ఎండలో, కారులో వదలకుండా చల్లటి చోట పెట్టడం.

## అడాపలీన్: ఓపికున్న వాళ్ల మందు

ఇది రెటినాయిడ్, అంటే విటమిన్ ఎ బంధువు. రంధ్రం మూతపడే మొదటి మెట్టు దగ్గరే ఆపుతుంది. అమెరికాలో 2016 నుంచి 0.1 శాతం జెల్ డాక్టరు చీటీ లేకుండా దొరుకుతోంది, చాలా దేశాల్లో చీటీ కావాలి. బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్ ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఒక మొటిమ తగ్గేలోపు మరొకటి లేస్తూనే ఉన్నవాళ్లకు నా మొదటి ఓటు దీనికే.

కానీ మొదటి నెల పరీక్ష. చర్మం బిగుసుకుంటుంది, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. చాలామంది మూడో వారంలో మానేస్తారు, సరిగ్గా దాటాల్సిన చోట. దాటడానికి ఉపాయాలున్నాయి. రాత్రి ముఖం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. శనగగింజంత జెల్ ముఖం మొత్తానికి చాలు. మొటిమ ఉన్న చోటే చుక్క పెడితే లాభం లేదు, ఇంకా కనిపించని వాటిని ఆపడమే దీని పని. మొదట వారానికి రెండు మూడు రాత్రులు, ఓర్చుకుంటే రోజూ. మంట ఎక్కువైతే కింద మాయిశ్చరైజర్ రాసి దాని మీద పూయవచ్చు. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు అంచుల్లో వద్దు.

పగలు సన్‌స్క్రీన్ తప్పదు, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు పైది. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దీన్ని వదిలేయాలి.

వీపుకి పనిచేయదని కాదు. మన చేతికి అందదు, అంత వెడల్పు చోటికి ట్యూబు వారంలో అయిపోతుంది, ఛాతీ చర్మం త్వరగా మండుతుంది. ఇంట్లో ఎవరైనా పూసిపెట్టే వీలుంటే తప్ప ఒంటికి ఇది రెండో ఎంపికే.

## శాలిసిలిక్ యాసిడ్: సులువు, అంతే

నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రం లోపలికి దిగి అతుక్కున్న కణాలను వదులుచేస్తుంది. పదిహేనేళ్ల పిల్లల ముక్కు మీద నాలుగు బ్లాక్‌హెడ్స్‌కి ఇది చాలు. చీము మొటిమలకు దీని మీదే ఆధారపడకండి. వీపుకి స్ప్రే రూపంలో ఉంటే సౌకర్యం, తలకిందులుగా పట్టుకున్నా కొట్టే సీసా దొరికితే ఇంకా మేలు. ఆస్పిరిన్ పడనివాళ్లు వాడకూడదు.

## అజెలాయిక్ యాసిడ్: తగిన పేరు రానిది

దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు, నాకు అది అన్యాయంగా తోస్తుంది. బ్యాక్టీరియాను, వాపును, మూతపడడాన్ని మూడింటినీ మధ్యస్తంగా తగ్గిస్తుంది, దానితోపాటు నల్ల మచ్చలను పల్చబరుస్తుంది. మొటిమ, మచ్చ రెండూ ఉన్న ముఖానికి రెండు మందులు కొనే పని తప్పుతుంది. గర్భిణులకు సాధారణంగా డాక్టర్లు చెప్పేది కూడా ఇదే. 10 శాతం చాలాచోట్ల నేరుగా దొరుకుతుంది, 15, 20 శాతం వాటికి తరచు చీటీ అడుగుతారు.

లోపాలు రెండు. పూసిన పది నిమిషాలు చీమలు పాకినట్టు ఉంటుంది, ఇది రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఫలితం నిదానం. పెళ్లికి ఇరవై రోజులుందని మొదలుపెట్టేవాళ్లకు ఇది నిరాశే మిగులుస్తుంది. ఆ మాటకొస్తే ఇరవై రోజుల్లో ఏదీ ఆదుకోదు.

## పక్కవాద్యాలు

టీ ట్రీ నూనె: 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మీద 5 శాతం టీ ట్రీ జెల్‌ను 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చారు. రెండూ తగ్గించాయి, టీ ట్రీ నెమ్మదిగా, తక్కువ మంటతో. అది తయారైన జెల్ సంగతి. సీసాలోని చిక్కటి నూనెను నేరుగా చుక్క పెడితే చర్మం కందిపోతుంది.

నియాసినమైడ్ ఎరుపును, జిడ్డును కొంత తగ్గిస్తుంది, పెద్దగా ఎవరికీ మంట పెట్టదు. దీన్ని ఘాటైన మందుకు తోడుగా పెట్టుకోండి, దాని స్థానంలో కాదు.

హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు చీము తేలిన ఒక్క మొటిమ మీద రాత్రి అతికిస్తే తడి పీల్చుకుంటాయి. దీని అసలు మేలు వేరు: వేలు అక్కడికి పోకుండా ఆపుతుంది. గిల్లే అలవాటున్న వాళ్లకు ఏ క్రీముకన్నా ఇదే ఎక్కువ మచ్చలు తప్పిస్తుందని నా నమ్మకం.

## పోలికలోకే రానివి

నిమ్మరసం చాలా ఎక్కువ ఆమ్లం, ఎండ తగిలితే బొబ్బలు కూడా రావచ్చు. బేకింగ్ సోడా దానికి పూర్తిగా ఎదురు, క్షారం. చర్మం పై పొర స్వతహాగా కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది, ఈ రెండూ దాన్ని చెడగొడతాయి. టూత్‌పేస్టు పళ్లకే. గరుకు స్క్రబ్‌లు వాచిన చర్మాన్ని ఇంకా రేపుతాయి.

వీటన్నిటికన్నా ప్రమాదం స్టెరాయిడ్ క్రీములు. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి పేర్లు ట్యూబు మీద ఉంటే మొటిమలకు పూయకండి. మొదటి నాలుగు రోజులు అద్భుతంగా ఉంటుంది, ఎరుపు మాయం, ముఖం తేటగా కనిపిస్తుంది. అందుకే జనం వదలరు. కొన్ని వారాలకు చర్మం పల్చబడి, సన్నటి రక్తనాళాలు తేలి, ముందుకన్నా దట్టంగా మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట, ఎరుపు తిరగబడతాయి. నాకు తెలిసిన ఒకమ్మాయి తెల్లబడే క్రీమని ఏడాది వాడింది, ఆ ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు ఎవరూ చదవలేదు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానకుండా డాక్టరుకు చూపించండి.

తీవ్రమైన మొటిమలకు వేరొకరికి రాసిన ఐసోట్రెటినోయిన్ మాత్రలు అడిగి తెచ్చుకోవడం మరో తప్పు. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు తెచ్చే మందు అది, రక్తపరీక్షలతో, వైద్యుల కనుసన్నల్లోనే వాడాలి.

## మీరు ఎవరైతే ఏది

జిడ్డు ముఖం, గరుకు నుదురు, ఎరుపు తక్కువ: రాత్రి అడాపలీన్. అది దొరకకపోతే లేదా పడకపోతే శాలిసిలిక్.

ఎర్రటివి, చీమువి కలగలిసి: ఉదయం 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి అడాపలీన్. రెండూ ఒకే రోజు మొదలుపెట్టకండి. ఒకదానికి చర్మం అలవాటు పడడానికి మూడు నాలుగు వారాలిచ్చి రెండోది చేర్చండి. అడాపలీన్ బెంజాయిల్ పెరాక్సైడ్ పక్కన చెడిపోదు, పాత తరం రెటినాయిడ్ అయిన ట్రెటినోయిన్ జెల్‌లు మాత్రం చెడతాయి.

ఇట్టే మండే చర్మం, నల్ల మచ్చల బెడద, లేదా గర్భం: అజెలాయిక్ యాసిడ్. మచ్చల కోసం సన్‌స్క్రీన్ కూడా రోజూ. అది లేకుండా మచ్చల మందు పూయడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

వీపు, ఛాతీ, భుజాలు: బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్. దానికి తోడు మందు కాని పనులు కొన్ని ఉన్నాయి. తలకు కండిషనర్ పెట్టుకుంటే అది కడిగాక వీపు మరోసారి సబ్బుతో కడుక్కోండి, ఆ జిడ్డు వీపు మీదికే జారుతుంది. చెమట పట్టాక బట్టలు మార్చండి. బ్యాగు పట్టీ, హెల్మెట్ పట్టీ, బిగుతు బట్టలు రుద్దుకునే చోటే మొటిమలు వస్తుంటే ఆ రాపిడే కారణం, ముందు దాన్ని తగ్గించండి.

ఏదీ క్రమంగా పూయలేను అనేవాళ్లు: నిజాయితీగా ఒప్పుకోవడం మంచిదే. ఎలాగూ స్నానం చేస్తారు కాబట్టి వాష్ ఎంచుకోండి. రోజూ వాడే బలహీనమైన మందు, వారానికోసారి గుర్తొచ్చే బలమైన మందుకన్నా మేలు.

తిండి మాట అందరూ అడుగుతారు. చక్కెర త్వరగా పెంచే ఆహారం, కొందరిలో పాలు, వే ప్రొటీన్ మొటిమలను పెంచుతాయన్న ఆధారం కొంత ఉంది. మీకు స్పష్టంగా సంబంధం కనిపిస్తే తగ్గించి చూడండి, కనిపించకపోతే తిన్నదానికల్లా తప్పు చేసినట్టు బాధపడకండి.

## పన్నెండు వారాల లెక్క

మొదలుపెట్టిన రోజు ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటో తీయండి. నాలుగు వారాలకొకటి. అద్దం రోజూ చూసేవాళ్లకు తేడా తెలియదు, ఫొటోకు తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు కొత్తవి రావడం తగ్గితే మందు సరైనదే, పాత మచ్చలు ఇంకా ఉన్నాయని మార్చకండి. పన్నెండు వారాలకూ తేడా లేకపోతే మందు మార్చే సమయం. తగ్గాక కూడా ఒక్కసారిగా మానకుండా అడాపలీన్ లాంటిదాన్ని కొనసాగిస్తే మళ్లీ రావడం తగ్గుతుంది.

మిగతా దినచర్య క్లుప్తంగా: రోజుకు రెండుసార్లు మృదువైన క్లెన్సర్, రంధ్రాలు మూయని మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. జిడ్డు చర్మమని మాయిశ్చరైజర్ మానేస్తే మందును చర్మం భరించలేదు.

కొన్ని సందర్భాల్లో ఈ పన్నెండు వారాలు కూడా ఆగకండి. లోతైన గడ్డలు, గుంటలు పడుతున్న మచ్చలు. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ దవడ వెంబడి మొటిమలు రావడం. కొత్త మందు ఏదైనా మొదలుపెట్టాక ఉన్నట్టుండి లేవడం. మొటిమలు పుండ్లై జ్వరం, కీళ్ల నొప్పులు రావడం. ఈ చివరిది అరుదు, కానీ అది అదే రోజు డాక్టరుకు చూపించాల్సినది. వెళ్లేటప్పుడు ఆ ట్యూబుల డబ్బా కూడా పట్టుకెళ్లండి. నా డబ్బా చూసి డాక్టరు ముందు నవ్వారు, తర్వాత అందులోంచి రెండు తీసి పక్కన పెట్టి, "ఈ రెండూ చాలు, మిగతావి పారేయండి" అన్నారు.